గిరిజ తల మీద ఒట్టు

కొబ్బరినూనె వాసన ఒక్కటే అయితే నాకేమీ కాదు. పురుగుల మందు వాసన ఒక్కటే అయినా ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని, బాల్కనీలోకి వెళ్లి నిలబడి, ఎట్లాగో తట్టుకుంటాను. రెండూ కలిసి వస్తే మాత్రం నేను అక్కడ నిలవలేను. మొన్న శనివారం చందాపుర దగ్గరున్న మా అపార్టుమెంటులో అదే జరిగింది. నెలకోసారి బొద్దింకలకు మందు కొట్టే మనిషి వీపుకు డబ్బా తగిలించుకుని మా అంతస్తు మెట్ల మీద కొడుతున్నాడు, లోపల నేను తొమ్మిదేళ్ల మా అమ్మాయిని ముందు కూర్చోబెట్టుకుని తలకు నూనె పెడుతున్నాను. తలుపు సందులోంచి ఆ వాసన వచ్చి నా అరచేతిలోని నూనె వాసనతో కలిసింది. గిన్నె కింద పెట్టేసి, పిల్ల జబ్బ పట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా లిఫ్టు దాకా లాక్కెళ్లాను. కింద పార్కులో సిమెంటు బెంచీ మీద గంటసేపు కూర్చున్నాం. నూనె కారుతున్న తలతో ఒకరు, నూనె చేతులతో ఒకరు, మా ఇద్దరినీ చూసి నడకకు వచ్చినవాళ్లు ఏమనుకున్నారో నాకు తెలియదు.

నూనె ఎందుకు పెడుతున్నానంటే, ముందురోజు బడి నుంచి తల్లిదండ్రుల గ్రూపుకు ఒక మెసేజి వచ్చింది. నాలుగో తరగతిలో కొందరు పిల్లల తలల్లో పేలు కనిపించాయని, అందరూ ఇంట్లో చూసుకోవాలని దాని సారాంశం. ఎవరి పేరూ రాయలేదు. అయినా తల్లులంతా మా ఇంట్లో లేవంటే మా ఇంట్లో లేవని పోటీపడి రాసుకున్నారు. నేను పిల్లను వెలుతురులో కూర్చోబెట్టి తల పాయలు తీసి చూశాను. చెవి వెనక నా గోటికి ఒకటి తగిలింది. నిజం చెప్పాలంటే, తగలగానే హమ్మయ్య అనుకున్నాను. కూతురి తలలో పేను దొరికితే సంతోషపడే తల్లికి పిచ్చి అనుకుంటారు ఎవరైనా. ఆ పిచ్చి నాకు ఎక్కడ పట్టిందో చెప్పాలంటే ముప్ఫై ఏళ్ల కిందటి బొమ్మనహళ్ళికి, మా వఠారానికి వెళ్లాలి.

హోసూరు రోడ్డు నుంచి లోపలికి రెండు మలుపులు తిరిగితే మా వఠారం. ఇటు ఐదు, అటు ఐదు ఇళ్లు ఎదురెదురుగా మొహాలు చూసుకుంటూ ఉండేవి. మధ్యలో బండలు పరిచిన వాకిలి, దాని చివర ఒకే ఒక్క కొళాయి, పక్కన బట్టలుతికే రాయి. పేరుకు ఇళ్లే కానీ ఒక్కొక్కటి ఒకటిన్నర గది. ఒకరింట్లో ఎండుమిరపకాయ తాలింపు పడితే పది ఇళ్లవాళ్లూ దగ్గేవాళ్లు. వఠారంలోని ఆడవాళ్లలో ఎక్కువమంది గార్మెంట్సు ఫ్యాక్టరీల్లో మిషన్ల ముందు కూర్చునేవాళ్లు. పొద్దున ఎనిమిదిన్నరయ్యేసరికి టిఫిన్ డబ్బాల చప్పుడు, చెప్పుల చప్పుడు వీధి చివరికి పోయి ఆగిపోయేవి. ఆ తర్వాత బడికి పోని చంటిపిల్లలు, మధ్యాహ్నం బడి నుంచి వచ్చే మాబోటివాళ్లు, మాకందరికీ కాపలాగా మా అవ్వ, ఇంతే వఠారం.

మా అవ్వ, అంటే నాన్నకు అమ్మ, పేరు మునెమ్మ. కోలారు వైపు నుంచి పెళ్లయి వచ్చిన మనిషి. ఇంట్లో తెలుగు, కొళాయి దగ్గర కన్నడం, కోపం వస్తే రెండూ కలిపి మాట్లాడేది. కళ్లకు పొర కమ్మి, మనుషులు ఆమెకు నీడలుగా మాత్రమే కనిపించేవాళ్లు. పగలంతా నశ్యం పీల్చి పీల్చి వాసనలు తెలియకుండా పోయాయి. పాలు పొంగి మాడిపోతున్నా పక్కనే కూర్చుని ఉండేది. కళ్లూ ముక్కూ చేయాల్సిన పనంతా ఆమె వేళ్లు చేసేవి. చలికాలం వస్తే అనపకాయలు బుట్టలకొద్దీ ఒలిచి, గింజలు నానబెట్టి, బొటనవేలు చూపుడువేలు మధ్య పెట్టి ఒక్క నొక్కు నొక్కితే తొక్క ఈ పక్కకు, పప్పు ఆ పక్కకు పోయేది. ఆ పితికిపప్పు కూర, వేడి రాగిముద్ద, పైన కరిగిన నెయ్యి, అవి తిని బండల మీద ఎండకు వీపు పెట్టి కూర్చుంటే ఇంకేమీ వద్దనిపించేది. అవే వేళ్లతో ఆదివారాలు మా తలలు చూసేది.

ఆదివారం పొద్దున్నే రాగి అండాల కింద మంట పెట్టేవాళ్లు. కట్టెలకు బదులు ఫ్యాక్టరీలో మిగిలిన గుడ్డ కత్తిరింపులు వేస్తే ఒకసారి నల్లగా, ఒకసారి పచ్చగా పొగ లేచి కళ్లు మండించేది. శీకాయతో తలంట్లు అయ్యాక పిల్లలమంతా మా ఇంటి మూడు మెట్ల మీదికి చేరేవాళ్లం. పై మెట్టు మీద అవ్వ కాళ్లు చాపుకుని, ఆమె కాళ్ల మధ్య ఒక పిల్ల, ఆ పిల్ల ముందు ఇంకొక పిల్ల, అట్లా వాకిలి దాకా సాగేది వరస. ఒకరి తల ఇంకొకరి చేతుల్లో ఉండేది. ఒడిలో తెల్లగుడ్డ, దాని మీద పళ్లు సన్నగా దగ్గరగా ఉండే పేన్ల దువ్వెన. బొటనవేళ్ల గోళ్ల మధ్య పేలు కుక్కే చప్పుడు తప్ప ఇంకో చప్పుడు ఉండేది కాదు. అంతమంది పిల్లలు అంత నిశ్శబ్దంగా ఉండడం నేను తర్వాత ఎక్కడా చూడలేదు.

నిశ్శబ్దం ఎందుకంటే, అవ్వ తల చూస్తోందంటే అది ఉత్త పేలు తీయడం కాదు. ఆమె వేళ్లతో మా లోపల ఏముందో చదివేసేది. పేలు పాపిటి మీదికి ఎక్కి తిరుగుతుంటే రెండు రోజుల్లో జ్వరం వస్తుందనేది, వచ్చేది. చెవుల వెనక గుంపు కడితే పిల్ల సరిగా తినడం లేదనేది. అన్నిటికంటే పెద్ద మాట ఒకటుండేది. ఆ మాట ఆమె నెమ్మదిగా, ఎవరినీ భయపెట్టాలని కాకుండా, ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పేది.

"పేన్లు మనిషి వేడిని పట్టుకుని ఉంటాయి మే. ఆ వేడి పోతాండాదని మనకంటే ముందు వాటికి తెలుస్తాది. పోయే మనిషిని అవి ముందే ఇడిసిపెట్టి పోతాయి."

మా తాత పోయే ముందురోజు ఆమె కళ్లారా చూసిందట. అప్పటికి చూపు బాగానే ఉండేది. తాత కులాసాగానే ఉన్నాడు, మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నాడు. దిండు మీద తెల్ల గలీబు. పేలు ఒకదాని వెనక ఒకటి దిండు దిగి, మంచం పట్టె వెంట నడిచి, కోడు మీదుగా నేలకు దిగుతున్నాయట, తొందర లేకుండా. మర్నాడు అదే వేళకు తాత లేడు. అవ్వ ఈ సంగతి చెప్పినప్పుడల్లా పక్కనున్న ఆడవాళ్లు తలలు ఊపేవాళ్లు, ఒకరిద్దరు తమ ఇళ్లలో జరిగినవి కూడా కలిపేవాళ్లు. కాదన్నవాళ్లను నేను చూడలేదు.

కాబట్టి మా వఠారం పిల్లలం పొద్దున లేవగానే మొదట దిండు చూసుకునేవాళ్లం. దిండు మీద ఏమీ లేకపోతే నిశ్చింత. బడిలో పాఠం మధ్య తల దురద పెడితే గోక్కుంటూ లోలోపల సంతోషపడేవాళ్లం, ఈ రోజుకు ఢోకా లేదని. నున్నగా దువ్వుకుని, తెల్ల రిబ్బన్లు కట్టుకుని కాన్వెంటుకు పోయే పిల్లలను చూస్తే జాలి వేసేది. వాళ్ల తలల్లో ఒక్క పేనూ లేదంటే పాపం ఎన్నాళ్లుంటారో అనుకునేవాళ్లం.

ఎదురింటి గిరిజ నా ఈడుది, మా ఇద్దరిదీ ఒకటే బడి, ఒకటే బెంచీ. నడుం దాటే జుట్టు దానికి. దాని అమ్మ యశోదక్క గార్మెంట్సులో కాలర్లు కుట్టేది. నాన్న లారీ డ్రైవరు, నెలకో రెండు నెలలకో ఒకసారి కనిపించేవాడు. ఫ్యాక్టరీ నుంచి రంగురంగుల గుడ్డ పీలికలు తెచ్చి యశోదక్క మా ఇద్దరికీ జడకుచ్చులు కట్టేది. మధ్యాహ్నాలు మేము బండల మీద అచ్చనగాయలు ఆడితే, ఓడినవాళ్లు గెలిచినవాళ్ల జడ విప్పి మళ్లీ అల్లాలని పందెం. నేను ఎప్పుడూ ఓడేదాన్ని. ఆ జుట్టు చేతుల్లో బరువుగా, చల్లగా ఉండేది. నాకు తెలిసి ఓడిపోవడానికే ఆడేదాన్నేమో.

ఆ చలికాలం బడిలో వార్షికోత్సవానికి డాన్సు నేర్పుతున్నారు. గిరిజ ముందు వరసలో ఉంది. ఒకరోజు దాని తెల్లకాలరు మీద పేలు పాకుతుండడం టీచరమ్మ చూసింది. అందరికీ ఉన్నాయి, దొరికింది గిరిజ. అందరి ముందూ దాన్ని పక్కకు నిలబెట్టి, తల శుభ్రమైతే తప్ప డాన్సుకు రావద్దంది. సాయంత్రం యశోదక్కను పిలిపించి ఆ మాటే ఇంకొంచెం గట్టిగా చెప్పింది. యశోదక్క వఠారంలోకి తల వంచుకుని వచ్చింది. కూతురి చెయ్యి పట్టుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది.

శనివారం ఒంటిపూట బడి. మధ్యాహ్నం గిరిజ కోసం వెళ్తే తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసుకుని లోపలికి పోయాను. యశోదక్క పనికి సెలవు పెట్టి గిరిజను పీట మీద కూర్చోబెట్టింది. ఇత్తడి గిన్నెలో కొబ్బరినూనె, పక్కన చీటీ ఊడిపోయిన గోధుమరంగు సీసా. యశోదక్క తమ్ముడు చందాపుర పక్కన రోజా తోటల్లో పనిచేసేవాడు, అతను తెచ్చి ఇచ్చిందట. సీసాలోది నూనెలో కలిపి పాయపాయకూ పట్టిస్తోంది. గది నిండా ఒక వాసన. కొబ్బరినూనె తియ్యదనం పైన తేలుతూ, దాని కింద ఇంకేదో ఘాటు, గొంతులో పట్టుకునేది. నేను ముక్కు మూసుకున్నాను. యశోదక్క నవ్వింది.

"రోజాలకు కొట్టేదే మే ఇది. పూలకే ఏమీ కాదు, తలకేమయితాది?"

ఆ మాట నాకు సబబుగానే తోచింది. రోజాపువ్వు కంటే మెత్తనిది ఏముంటుంది? ఆమెకూ అట్లాగే తోచి ఉంటుంది. అవ్వ మాత్రం ఇట్లాంటివి తలకు తాకనిచ్చేది కాదు, అందుకే ఆమెకు తెలియకూడదు. పైగా యశోదక్కకు ఇంకొక ఆశ ఉంది. రేపు వరసలో అందరి ముందూ అవ్వ గిరిజ తల చూసి, ఒక్కటి కూడా లేదే అని ఆశ్చర్యపోవాలి. బడిలో పోయిన పరువు వఠారంలోనైనా తిరిగి రావాలి. అందుకని నా కుడిచెయ్యి పట్టుకుని, నూనె ఓడుతున్న గిరిజ నడినెత్తి మీద పెట్టి, అవ్వకు చెప్పనని ఒట్టు వేయమంది.

తల మీద ఒట్టు అంటే మాకు ఆషామాషీ కాదు. పుస్తకం మీద, దేవుడి మీద వేసిన ఒట్లు ఎన్ని తప్పినా ఫరవాలేదు. మనిషి తల మీద వేసి తప్పితే ఆ తల ఎవరిదైతే వాళ్లు చచ్చిపోతారు. ఆ ఒట్టును వేయించుకున్నవాళ్లు తప్ప ఇంకెవరూ తీసేయడానికి లేదు. గిరిజ కిందనుంచి నా వైపు చూసి వెక్కిరించింది. నేను ఒట్టేశాను. తర్వాత యశోదక్క ప్లాస్టిక్ కవరు తలకు చుట్టి, పైన గుడ్డ బిగించి కట్టి, పొద్దున దాకా విప్పొద్దని చెప్పింది. నా చేతి వాసన ఎన్నిసార్లు కడుక్కున్నా పోలేదు.

ఆదివారం వరస కూర్చుంది. తలంటు పోసి వేసిన సాంబ్రాణి పొగతో గిరిజ జుట్టు ఘుమఘుమలాడుతోంది, మందు వాసన పైకి తెలియడం లేదు. దాన్ని అవ్వ కాళ్ల మధ్య కూర్చోబెట్టి యశోదక్క కొళాయి దగ్గర నిలబడింది, బిందె నిండి పొర్లుతున్నా పట్టించుకోకుండా ఇటే చూస్తూ, పెదవుల మీద నవ్వుతో. అవ్వ వేళ్లు గిరిజ మెడ దగ్గర మొదలై పైకి పాకాయి. చెవుల వెనక ఆగాయి. పాపిటి వెంట ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లి వచ్చాయి. అవ్వ దువ్వెన తీసుకుని కుదుళ్ల నుంచి లాగి తెల్లగుడ్డ మీద విదిలించింది, గుడ్డను వేళ్లతో తడిమింది. ఏమీ లేదు. మళ్లీ మెడ దగ్గర మొదలుపెట్టింది. మూడోసారి ఆమె వేళ్లు నడినెత్తి మీద ఆగిపోయి ఇక కదల్లేదు.

గిరిజ అప్పటికే తల వాల్చేసి ఉంది. నోటి చివర నుంచి చొంగ కారి అవ్వ చీర తడిసింది. అంత చలిలోనూ మెడ మీద చెమట. అవ్వ తడిసిన తన మోకాలు తడుముకుంది, పిల్ల నుదురు తడిమింది, మమ్మల్ని లేచి ఇళ్లకు పొమ్మంది. మా అమ్మను పిలిచి చెవిలో ఏదో చెప్పింది. నేను లేవకుండా దగ్గరే ఉన్నాను కాబట్టి వినిపించింది.

"ఒగటి కూడా లేదు. అన్నీ దిగిపోయినాయి."

అరగంటలో వఠారమంతా తెలిసింది. కొళాయి దగ్గర నిలబడ్డ యశోదక్క మొహం మీద ఆ నవ్వు ఇంకా కాసేపు అట్లాగే ఉండిపోయింది, ఎవరో మరిచిపోయి వెళ్లినట్టు.

మధ్యాహ్నానికి గిరిజ వాంతులు చేసుకుంది. సాయంత్రానికి లేవలేకపోయింది. ఆడవాళ్లంతా వాళ్లింట్లో చేరారు. ఒకరు పసుపుతాడు కట్టారు, ఒకరు విభూతి పెట్టారు, ఒకరు ఉప్పు మిరపకాయలు దిగదుడిచారు. మా నాన్న ఆసుపత్రికి తీసుకుపోదామని ఒకసారి అన్నాడు, ఇంటి మగవాడు ఊళ్లో లేడని, పొద్దున చూద్దామని ఎవరో అన్నారు. ఆ ఇంట్లో ఎవరూ గిరిజ పేరు పలకడం లేదు, బిడ్డ అంటున్నారు. ఎంత మంచి బిడ్డ, ఎంత జుట్టు ఉండె, అని అప్పుడే జరిగిపోయినదాని గురించి చెప్పుకుంటున్నట్టు మాట్లాడుతున్నారు. గిరిజ కళ్లు సగం తెరుచుకునే ఉన్నాయి. రెప్పలు అదురుతున్నాయి. కళ్లలోని నల్లగుడ్డు మధ్య చుక్క ఆవగింజ కంటే చిన్నదైపోయింది. అది నన్ను చూస్తోందో లేదో తెలియలేదు.

నాకు తొమ్మిదేళ్లు, అయినా లెక్క తేలిగ్గానే అందింది. పేలు వాటంతట అవి పోలేదు, మందుకు చచ్చాయి. ఈ మాట అవ్వకు చెబితే ఆమె తన మాట వెనక్కి తీసుకుంటుంది, గిరిజ బతుకుతుంది. కానీ చెబితే ఒట్టు తప్పుతుంది, గిరిజ చచ్చిపోతుంది. చెప్పినా చావే, చెప్పకపోయినా చావే. ఉన్న దారి ఒక్కటే, యశోదక్క ఒట్టు తీసేయడం. దీపాలు పెట్టేవేళ ఆమె చెంబుతో నీళ్లు తీసుకుని లోపలికి వస్తుంటే గడప దగ్గర చీర కొంగు పట్టుకున్నాను. ఒట్టు తీసెయ్ అక్కా, అవ్వకు చెప్పాలి అన్నాను.

యశోదక్క నన్ను చాలాసేపు చూసింది. అంతవరకు నన్ను అట్లా ఎవరూ చూడలేదు. నేనెవరో గుర్తు తెచ్చుకుంటున్నట్టు చూసింది.

"ఏం ఒట్టు?" అంది.

కొంగు విడిపించుకుని లోపలికి పోయింది. నిన్న జరిగింది నిజంగా జరిగిందా లేదా అని నాకే అనుమానం వచ్చింది. చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకున్నాను. వాసన ఉంది.

సోమవారం పొద్దున నాకు మూడో దారి తోచింది. గిరిజ తలలో పేలు ఉంటే చాలు కదా? నా తలలో కావలసినన్ని ఉన్నాయి. కొళాయి దగ్గర రాతి మీద కూర్చుని ఏడు పేలు ఏరి, అన్నీ బతికున్నవే, ఖాళీ అగ్గిపెట్టెలో వేసుకుని ఎదురింటికి వెళ్లాను. ఆడవాళ్లు వాకిట్లో కాఫీ తాగుతున్నారు. గిరిజ చాప మీద వెల్లకిలా పడి ఉంది, గొంతులో నురగలాంటి చప్పుడు. పక్కన మోకాళ్ల మీద కూర్చుని దాని పాపిటి విడదీసి ఒక్కొక్కటే వదిలాను. ఉండండి, పోవద్దండి, అని వాటిని బతిమాలుకున్నాను.

అవి పోలేదు. నాలుగడుగులు వేశాయి. మొదటిది కాళ్లు కొట్టుకుంటూ పక్కకు ఒరిగింది. తర్వాత ఇంకొకటి. కాసేపటికి ఏడూ గిరిజ తెల్లటి మాడు మీద కాళ్లు పైకి పెట్టి, సన్నగా వణికి, కదలడం మానేశాయి. గిరిజ చేతివేళ్లు చాప మీద అచ్చం అట్లాగే వణుకుతున్నాయి. అప్పుడు నాకు అర్థమైంది. పేలు మనిషిని విడిచిపోవడం కాదిది. ఆ తల మీద ఏదుంటే అది చస్తోంది, గిరిజతో సహా.

పరిగెత్తాను. అవ్వ మా మెట్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది, నశ్యం డబ్బా చేతిలో ఉంది కానీ పీల్చడం లేదు. ఆమె ఒళ్లో పడి ఏడ్చాను. ఏదో ఉందని, చెబితే గిరిజ చచ్చిపోతుందని, దాని తల మీద ఒట్టు వేశానని మాత్రం చెప్పగలిగాను. ఏమిటని అవ్వ అడగలేదు. నా కుడిచెయ్యి వెతికి పట్టుకుని తన నెరిసిన తల మీద పెట్టుకుంది.

"ఆ ఒట్టు నా తల మీదికి తీసుకున్నా. తప్పితే నాకే తగలనీ. ఇప్పుడు చెప్పు."

చెప్పాను. అవ్వ లేచిన తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. గోడ పట్టుకోకుండా, దారి తడుముకోకుండా, వాకిలి దాటి ఎదురింట్లోకి సూటిగా నడిచింది. యశోదక్కను సీసా తెమ్మంది. యశోదక్క బియ్యం డబ్బా వెనక నుంచి తీసి ఇచ్చింది. అవ్వ దారాలు కత్తిరించే చిన్న కత్తెర అడిగి తీసుకుని, ఆ నడుం దాటిన జుట్టును కుదుళ్ల దాకా కోసేసింది. పిల్ల తలను కొళాయి కింద పెట్టించి సబ్బుతో మాడంతా కడిగింది, తడిబట్టలు విప్పించి వేరేవి తొడిగించింది. మా నాన్న ఆటో తెచ్చాడు. సీసా కూడా వెంట తీసుకుపొమ్మని అవ్వే చెప్పింది. ఆసుపత్రిలో డాక్టరు ఆ సీసా చూసి, ఇంకొక పూట ఆగి ఉంటే తీసుకురానవసరం ఉండేది కాదన్నాడట.

గిరిజ రెండు వారాలకు గుండుతో ఇంటికి వచ్చింది. వార్షికోత్సవం అయిపోయింది. తెలియక పెట్టింది, తల్లి కదా, అని అవ్వ అందరికీ చెప్పింది. ఒట్టు సంగతి, గడప దగ్గరి మాట, అవ్వ ఎవరికీ చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు. కానీ ఆ తర్వాత ఆమె మెట్ల మీద తలలు చూడలేదు. పిల్లలు వచ్చి ఎదురుగా కూర్చుంటే, మీ అమ్మ దగ్గరికి పోండి అనేది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు వాటి మీదికి తల వంచి కూర్చునేది. తన వేళ్లు చెప్పిన మాట నమ్మి వఠారమంతా ఒక పిల్ల చావు కోసం కూర్చుందని ఆమెకు తెలుసు.

ఆ ఎండాకాలమే అవ్వ పోయింది. వయసైపోయిందని అందరూ అన్నారు. ఒట్టు తగిలిందని నేను అనుకున్నాను, చదువుకుని ఇంతదాన్నయ్యాక కూడా అట్లా అనుకోకుండా ఉండడం నాకు పూర్తిగా చేతకాలేదు. ఆమె మంచం పట్టిన చివరి వారం రోజూ నేను దొంగతనంగా ఆమె తల పాయలు తీసి చూసేదాన్ని. ఉన్నాయి. ఆఖరి రోజు మధ్యాహ్నం ఊపిరి ఆగిపోయే ముందు కూడా చూశాను. పేలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక్కటీ దిగిపోలేదు.

మొన్న పార్కులోంచి పైకి వచ్చాక మా అమ్మాయి తలలోని నూనె కడిగేశాను. మందుల షాపులో ఇచ్చేవాటిని కూడా డాక్టరును అడగకుండా ముట్టను. తడి జుట్టుకు బాగా కండిషనర్ పట్టించి, పాయపాయకూ సన్న పళ్ల స్టీలు దువ్వెనతో కుదుళ్ల నుంచి లాగి, ప్రతిసారీ తెల్ల కాగితానికి తుడిచాను. మూడు రోజులకోసారి ఇట్లాగే, ఈపుల నుంచి పుట్టేవి కూడా అయిపోయేదాకా రెండు మూడు వారాలు చేయాలి. ఇంట్లో అందరం చూసుకున్నాం, నాకూ రెండు దొరికాయి. మా అమ్మాయికి ఉన్నాయని గ్రూపులో రాశాను. తర్వాత ఒక్కొక్కరే మాకూ ఉన్నాయని రాయడం మొదలుపెట్టారు. చేతులు వాటి పని చేస్తూనే ఉన్నాయి కానీ మనసు బొమ్మనహళ్ళిలోనే ఉండిపోయింది. మర్నాడు గిరిజను చూడడానికి వెళ్లాను.

వఠారం ఉన్న చోట ఇప్పుడు నాలుగంతస్తుల పీజీ హాస్టలు ఉంది. మూడు మెట్లు లేవు, బండలు లేవు. ఒకరి తల ఒకరు చేతుల్లోకి తీసుకునే వరస ఇక ఎక్కడా లేదు. పక్కవీధిలో గిరిజ బ్లౌజులు కుడుతుంది, యశోదక్క దానితోనే ఉంటుంది. గిరిజ జుట్టు మళ్లీ ఎప్పుడూ భుజాలు దాటనివ్వలేదు. మధ్యాహ్నం యశోదక్క లోపల పడుకుని ఉంది, మేమిద్దరం మిషను పక్కన కూర్చున్నాం. మా అమ్మాయి పేల సంగతి చెబుతూ, ఆ సోమవారం ఏడు పేలు తెచ్చి దాని తల మీద వదిలిన సంగతి ఇన్నేళ్లకు మొదటిసారి చెప్పాను. గడప దగ్గర జరిగింది మాత్రం చెప్పలేదు, చెప్పే ధైర్యం నాకు ఎన్నడూ లేదు. గిరిజ సూదిలో దారం ఎక్కిస్తూ నావైపు చూడకుండా అంది.

"ఆ ముందురోజు నువ్వు మాయమ్మను ఒట్టు తీసెయ్ అనింది, నాకు వినబడె. మాయమ్మ ఏమనిందో అదీ వినబడె. కదల్లేక పడుంటి గానీ అన్నీ వినబడతానే ఉండె."

కూతురు పోతుందని వఠారమంతా అంటుంటే, అది దేవుడు చేసిందయితే తను చేసింది కాదు కదా అని యశోదక్క ఆ ఒక్క సాయంత్రం అనుకుని ఉంటుంది. నేను పిల్లదాన్ని, నాకే అంత భయం వేస్తే ఆమెకు ఎంత వేసిందో. క్షమించగలనో లేదో నాకు ఇప్పటికీ తెలియదు, క్షమించాల్సింది నేను కాదు. ఇన్నేళ్లలో ఎప్పుడైనా అమ్మను అడిగావా అన్నాను గిరిజను.

గిరిజ లోపలి గది వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"అడిగితే నిజం చెప్పేస్తాది అప్పా. ఆ తర్వాత మేమిద్దరం ఒగే ఇంట్లో ఎట్ల ఉండేది?"